పదో తరగతి వీడ్కోలు సభ: నవ్వులతో, జ్ఞాపకాలతో నడిపించడం ఎలా?

ఫిబ్రవరి వచ్చిందంటే శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల ఉన్నత పాఠశాలల్లో రెండు పనులు ఒకేసారి మొదలవుతాయి. ఒకటి ప్రీఫైనల్ పరీక్షలు, రెండోది వీడ్కోలు సభ గురించిన గుసగుసలు. చాలా చోట్ల ఆ సభ ఒకే మూసలో సాగిపోతుంది. దండలు, వరుసగా ఉపన్యాసాలు, రెండు సినిమా పాటలకు నృత్యం, ఒక కేకు, ఆఖర్న కన్నీళ్ళు. వారం తిరిగేసరికి అందులో ఏదీ గుర్తుండదు. ఆరో తరగతి నుంచి అయిదేళ్ళు ఒకే గదుల్లో పక్కపక్కన కూర్చున్న పిల్లలకు అంతకంటే మంచి సభ దక్కాలి. ఆ తరగతికి మాత్రమే చెందిన నవ్వు, పక్క బడిలో చెబితే ఎవరికీ అర్థం కాని నవ్వు, ఆ రోజు వినిపించాలి.

ఈ మార్గదర్శి పదో తరగతి పిల్లల కోసం, వాళ్ళను సాగనంపే తొమ్మిదో తరగతి వాళ్ళ కోసం, వెనక నిలబడి నడిపించే క్లాస్ టీచరు కోసం. ఏం చేసినా రెండు నియమాలు తప్పకూడదు. హాజరు పట్టికలో ఉన్న ప్రతి పేరూ ఆ రోజు వేదిక మీద ఒక్కసారైనా వినిపించాలి. ఎవరి మీద హాస్యం చేశారో వాళ్ళే అందరికంటే గట్టిగా నవ్వాలి. ఈ రెండూ కుదిరితే మైకు మొరాయించినా సభ బాగుంటుంది.

1. ముందు తేదీ, తర్వాత పని పంపకం

రాష్ట్రంలో పదో తరగతి పబ్లిక్ పరీక్షలు సాధారణంగా మార్చి మూడో వారంలో మొదలవుతాయి. ఒంటిపూట బడులు కూడా దాదాపు అప్పుడే. కాబట్టి ప్రీఫైనల్ ముగిసిన వెంటనే, ఫిబ్రవరి ఆఖరి వారంలో గానీ మార్చి మొదటి రెండు మూడు రోజుల్లో గానీ సభ పెట్టుకోండి. ఇంకా ఆలస్యమైతే పిల్లల మనసు హాల్ టికెట్ల మీదికి పోతుంది. శ్రీకాకుళం చుట్టుపక్కల వాళ్ళు పెన్నులు, హాల్ టికెట్లు అరసవల్లి సూర్యనారాయణ స్వామి ముందు పెట్టి దండం పెట్టుకోవాలని చూసేదీ అప్పుడే. మార్చి రెండో వారంలో సూర్యకిరణాలు స్వామి పాదాలను తాకే రోజులు కూడా ఉంటాయి కనుక అక్కడ రద్దీ ఎక్కువ. సభను ఆ రోజుల మీదికి నెట్టకండి.

స్వపరిపాలన దినోత్సవాన్నీ వీడ్కోలునూ ఒకే రోజు కలిపేసే బడులు ఉన్నాయి. కుదిరితే విడిగా చేయండి. పిల్లలే మాస్టార్లుగా మారి పాఠం చెప్పే ఆ రోజు వీడ్కోలు సభకు కావలసిన ముడిసరుకంతా ఉచితంగా దొరుకుతుంది. చీర కట్టుకుని వచ్చిన అమ్మాయి సైన్సు టీచరు గారిలా కళ్ళజోడు పైనుంచి చూసిన చూపు, ప్రధానోపాధ్యాయుడి కుర్చీలో కూర్చున్న అబ్బాయి మొదటి పది నిమిషాల్లోనే మూడుసార్లు గంట కొట్టించిన వైనం, ఇవన్నీ పక్కన కూర్చుని రాసుకోవాలి.

మూడు వారాల ముందు మొదలుపెడితే రోజుకు అరగంట చాలు, చదువు చెడదు. పనిని సేకరణ, రాత, వేదిక, భోజనం అని నాలుగు జట్లుగా పంచండి. ప్రతి జట్టులోనూ ఇంతవరకు ఏ కార్యక్రమంలోనూ ముందుకు రానివాళ్ళు ఇద్దరైనా ఉండేలా చూడండి. సభ సాయంత్రం నాలుగు లోపల ముగియాలి. దూరపు ఊళ్ళ నుంచి వచ్చే ఆడపిల్లలు ఉన్న బస్సు పట్టుకుని వెలుతురు ఉండగానే ఇల్లు చేరాలి.

2. జ్ఞాపకాలు ఏరడం

అన్నిటికంటే ఎక్కువ సమయం ఈ పనికే ఇవ్వండి. సభ బాగుంటుందో లేదో ఇక్కడే తేలిపోతుంది.

ఖాళీ అట్టపెట్టెకు పైన చీలిక పెట్టి తరగతి గదిలో ఉంచండి. చీటీల మీద పేరు రాయడం వాళ్ళ ఇష్టం. అయితే 'మీకు నచ్చిన జ్ఞాపకం రాయండి' అని మాత్రం అడగకండి. అలా అడిగితే నలభై చీటీల్లో ముప్ఫైకి పైగా 'స్నేహితులతో గడిపిన రోజులు మరువలేనివి' అనే వస్తుంది. ఆ వాక్యం అబద్ధం కాదు, కానీ దానితో ఏ పనీ జరగదు. ప్రశ్న సూటిగా, చిన్నదిగా ఉంటే జవాబులో ప్రాణం ఉంటుంది. నేను అడిగించే ప్రశ్నలు ఇలా ఉంటాయి:

వాన పడితే మన గదిలో ఏ మూల కారేది? ఆ మూల కూర్చున్నది ఎవరు? ఏ మాస్టారి అడుగుల చప్పుడు వరండా చివర ఉండగానే గుర్తుపట్టేవాళ్ళం, దేన్నిబట్టి? సెలవు చీటీలో మీరు రాసిన కారణాల్లో మీకే నమ్మశక్యం కానిది ఏది? మధ్యాహ్న భోజనంలో గుడ్డు పెట్టే రోజు వరుసలో ముందు నిలబడేది ఎవరు? చిక్కీ తినకుండా దాచి ఇంట్లో తమ్ముడికో చెల్లికో పట్టుకెళ్ళేది ఎవరు? ఎన్నిసార్లు చెప్పినా రాని లెక్క, ఎంత బట్టీపట్టినా మూడో పాదం దగ్గర ఆగిపోయే పద్యం ఏవి? విహారయాత్రకు వెళ్ళినప్పుడు, అది శాలిహుండం కొండ అయినా, కళింగపట్నం తీరమైనా, తేలినీలాపురం కొంగలైనా, రామతీర్థమైనా, చూసిన దానికంటే బస్సులో ఎక్కువ గుర్తున్నది ఏమిటి? మిమ్మల్ని ఎవరైనా ఆదుకున్న రోజు ఏది?

ఆఖరి ప్రశ్న తప్పకుండా ఉండాలి. దానికి వచ్చే జవాబుల్లో నవ్వు తక్కువ. కానీ ఎవరికీ తెలియని మంచి పనులు బయటపడేది అక్కడే. వాటిని సభ చివరి భాగం కోసం దాచండి.

రాసి ఇవ్వని వాళ్ళ దగ్గరికి మీరే వెళ్ళాలి. గంట కొట్టే అటెండరు గారికి ఏ తరగతి పిల్లలు ఇంటి గంట కోసం ఎలా బతిమాలేవారో తెలుసు. భోజనం వండే అమ్మలకు ఎవరు కూర వద్దని పప్పు రెండుసార్లు వేయించుకుంటారో తెలుసు. బడి గేటు దగ్గర జామకాయలు, ఉసిరికాయలు అమ్మే పెద్దావిడకు ఎవరి బాకీ ఎంతో కూడా తెలుసు. బదిలీ అయి వెళ్ళిన మాస్టార్లకు ఫోను చేయండి. ఆరో తరగతిలో మీకు అక్షరదోషాలు దిద్దిన మనిషి ఇప్పుడు ఇచ్ఛాపురంలోనో సాలూరులోనో ఉండి ఉంటారు. 'మా తరగతి గురించి మీకు గుర్తున్న ఒక్క సంగతి చెప్పండి మాస్టారూ' అంటే పావుగంట మాట్లాడతారు.

చీటీ చేతికొచ్చాక పని అయిపోయినట్టు కాదు. ఒక ఉదాహరణ చూడండి. పెట్టెలో ఇలాంటి చీటీ వచ్చిందనుకుందాం: 'తొమ్మిదో తరగతిలో తుపాను వచ్చినప్పుడు సెలవు ఇచ్చారు. చాలా సరదాగా గడిపాము.' తీర ప్రాంతంలో చదువుకున్న ఏ తరగతిలోనైనా ఈ చీటీ వస్తుంది. రాసిన అబ్బాయిని పిలిచి కూర్చోబెట్టి అడగండి. సెలవు సంగతి నీకు ఎవరు చెప్పారు? టీవీలో చూశాను. ఎప్పుడు? రాత్రి తొమ్మిదికి. అప్పుడు ఏం చేస్తున్నావు? లెక్కలు. ఎన్ని చేశావు? ఇలా అడుగుతూ పోతే చీటీ ఇలా మారుతుంది:

'టీవీలో కింద పరుగెత్తే అక్షరాల వైపు ఒక కన్ను, లెక్కల పుస్తకం వైపు ఒక కన్ను. విశాఖకు సెలవు అన్నారు. విజయనగరానికి సెలవు అన్నారు. మన జిల్లా పేరు రాలేదు. ఇక తప్పదని అభ్యాసం మొదలుపెట్టాను. మొదటి లెక్క అయింది. రెండో లెక్క అయింది. మూడో లెక్కలో సమాన గుర్తు పెట్టేసరికి శ్రీకాకుళం అని వచ్చింది. ఆ సమాన గుర్తుకు అవతల ఏముందో నాకు ఇప్పటికీ తెలియదు.'

జరిగింది ఒక్కటే, కొత్తగా కల్పించింది ఏమీ లేదు. అడగడం వల్ల బయటికి వచ్చిందంతే. ఒకే సంఘటనను ఇద్దరు రెండు రకాలుగా చెబితే ఎవరిది నిజమో తేల్చకండి. రెండూ ఉంచండి. వేదిక మీద ఆ ఇద్దరూ వాదించుకుంటే అదే పెద్ద హాస్యం.

3. వడపోత

ఇది క్లాస్ టీచరు, రాత జట్టు కలిసి, తలుపు వేసుకుని, తొందరపడకుండా చేయాల్సిన పని.

రంగు, లావు, పొట్టి, నత్తి, కంటిచూపు మీద ఒక్క మాట కూడా వద్దు. కులం, ఇంటిపేరు, తల్లిదండ్రుల వృత్తి, ఇంట్లో లేమి, వీటిలో ఏ ఒక్కటీ హాస్యానికి సరుకు కాదు. తప్పిన పరీక్షల గురించి వద్దు, పబ్లిక్ పరీక్షలు ఎదురుగా ఉన్నాయి. అమ్మాయి పేరును అబ్బాయి పేరును జతచేసే చీటీ ఎంత సరదాగా కనిపించినా అక్కడికక్కడే చింపేయండి. మన ఊళ్ళలో ఆ మాట బడి గోడ దాటి ఇంటికి చేరితే ఆ పిల్ల ఇంటర్ చదువే ఆగిపోవచ్చు. ఈ విషయంలో నేను ఎవరి మాటా వినను.

మిగిలినవి సంబంధించిన వాళ్ళకు ముందే చదివి వినిపించాలి. చదివేటప్పుడు వాళ్ళ ముఖం చూడండి. నోటితో 'ఫరవాలేదు' అని కళ్ళు దించుకుంటే ఆ అంశం తీసేయండి. అసలైన ఆమోదం ఎలా ఉంటుందంటే, విన్నవాడే 'అది కాదు, ఇంకా ఉంది' అని కొత్త వివరం జోడిస్తాడు. ఆ వివరం మీ దగ్గరున్న దానికంటే ఎప్పుడూ బాగుంటుంది.

మాస్టార్ల అనుకరణకూ ఇదే పద్ధతి. సుద్దముక్క విసిరే తీరు, హాజరు పట్టిక చంకలో పెట్టుకునే తీరు, 'అర్థమైందా' అని వాక్యానికోసారి అడిగే తీరు అనుకరించవచ్చు. ముందుగా వెళ్ళి, 'మాస్టారూ, మీలా చేయాలనుకుంటున్నాం, అనుమతిస్తారా?' అని అడగండి. చాలామంది సంతోషిస్తారు. ఎలా నడవాలో నేర్పించిన డ్రిల్లు మాస్టార్లు కూడా ఉన్నారు.

ఇవన్నీ అయ్యాక హాజరు పట్టిక ముందు పెట్టుకుని ఒక్కొక్క పేరుకు ఎదురుగా టిక్కు పెట్టుకుంటూ రండి. వాచాలుర పేర్లు పదేసి చోట్ల ఉంటాయి. ఎప్పుడూ మాట్లాడని నలుగురైదుగురి పేర్లు ఎక్కడా ఉండవు. సేకరణ జట్టు మళ్ళీ బయలుదేరాల్సింది వాళ్ళ కోసమే. మాట్లాడని పిల్ల గురించి ఆమె పక్కన కూర్చున్న పిల్లను అడగండి. ఆమె నోటు పుస్తకం చూసి సగం తరగతి పరీక్ష గట్టెక్కిందన్న సంగతి అప్పుడే తెలుస్తుంది.

4. ఏ రూపంలో చెప్పాలి?

జ్ఞాపకాలను ఒకరి తర్వాత ఒకరు కాగితం చూసి చదివితే జనం పది నిమిషాల్లో కునుకు తీస్తారు. మనకు తరతరాలుగా వచ్చిన రూపాలు ఉన్నాయి. వాటి చట్రం అందరికీ తెలిసినదే కనుక, అందులో బడి సంగతులు పెడితే మొదటి వాక్యానికే నవ్వు మొదలవుతుంది. టీవీ హాస్య కార్యక్రమాలను అనుకరించే అవసరమే ఉండదు.

వీలునామా. పదో తరగతి తన ఆస్తిని తొమ్మిదో తరగతికి రాసి ఇవ్వడం. దస్తావేజు భాష ఎంత పక్కాగా ఉంటే అంత బాగుంటుంది. చెక్కుబందీ (నాలుగు దిక్కుల హద్దులు), అనుభవ హక్కులు, సాక్షి సంతకాలు అన్నీ ఉండాలి. ఇంట్లో పొలం కాగితాలు ఉన్న వాళ్ళను ఒకసారి తెరిచి చూసి రమ్మనండి. మచ్చుకు:

'పదో తరగతి విద్యార్థులమైన మేము పూర్తి తెలివితో, ఎవరి ప్రోద్బలమూ లేకుండా, తొమ్మిదో తరగతి తమ్ముళ్ళకూ చెల్లెళ్ళకూ రాసి ఇచ్చిన వీలునామా. మా స్వార్జితమైన స్థిరాస్తి, కిటికీ పక్క చివరి బెంచీ. దీనికి చెక్కుబందీ: తూర్పు, సుద్దముక్కలు వచ్చి పడే స్థలం. పడమర, మా పేర్లు చెక్కిన గోడ, దానికి సున్నం మేమే వేయించి ఇస్తున్నాము. ఉత్తరం, వేపచెట్టు గాలి. దక్షిణం, లెక్కల మాస్టారి చూపు. ఇందులో ఎండాకాలం నిద్ర హక్కు మినహా సమస్త హక్కులూ మీకు దఖలు పరచడమైనది. చరాస్తి: బెంచీ పొట్టి కాలు కింద మడిచి పెట్టిన కాగితం ఒకటి. దానిని తీసినచో కలిగే కష్టనష్టములకు మేము బాధ్యులము కాము. సాక్షులు: ఎప్పుడూ అయిదు నిమిషాలు వెనక నడిచే గోడ గడియారం, ఎప్పుడూ అయిదు నిమిషాలు ముందు మోగే ఇంటి గంట.'

గోడకు సున్నం సంగతి ఊరికే పెట్టలేదు. వీలునామాలో రాస్తే నిజంగా వేయించాలి. ఒక శనివారం మధ్యాహ్నం చాలు.

పంచాంగ శ్రవణం. సభ జరిగేది ఉగాది దగ్గరపడే రోజుల్లో కనుక ఇది సహజంగా అతుకుతుంది. కండువా వేసుకుని, పాత నోటు పుస్తకం తెరిచి, ఒకరు గంభీరంగా చదవాలి. చదివేవాళ్ళు నవ్వకూడదు, అదొక్కటే షరతు. నవనాయకుల పట్టిక ఈ పనికి ఎంత చక్కగా ఒదుగుతుందో చూడండి. 'ఈ సంవత్సరమునకు రాజు ప్రధానోపాధ్యాయుల వారు. మంత్రి తరగతి నాయకురాలు. మాట్లాడిన వారి పేర్లు నల్లబల్ల మీద రాయుట చేత ప్రజలకు భయము. సేనాధిపతి డ్రిల్లు మాస్టారు. ధాన్యాధిపతి వంటశాల అమ్మగారు. ఈమె దృష్టి బాగుండుట చేత రెండో గరిటె యోగము. మేఘాధిపతి మన గది పైకప్పు. నీరసాధిపతి ఎవరనగా, భోజనానంతరం సాంఘిక శాస్త్రం పీరియడు.' ఆ తర్వాత బెంచీకొక రాశి చొప్పున ఆదాయ వ్యయాలు చెప్పాలి. 'రెండో బెంచీ వారికి ఆదాయం రెండు పెన్నులు, వ్యయం పద్నాలుగు. రాజపూజ్యం ఒకటి, అవమానం ఆరు, ఆ ఆరూ భౌతికశాస్త్రంలోనే.' ఆఖర్న ప్రతి ఒక్కరికీ ఒక భవిష్యత్తు చెప్పండి. అది వాళ్ళు నిజంగా కోరుకునేదై ఉండాలి. పోలీసు ఉద్యోగం కోరుకునే అమ్మాయికి ఎస్సై యోగం చెప్పి, మొదటి కేసుగా ఆరో తరగతిలో పోయిన తన జామెట్రీ పెట్టెనే అప్పగించండి.

బుర్రకథ. అయిదేళ్ళ చరిత్రకు దీన్ని మించిన రూపం లేదు. మధ్యలో కథకుడు, ఒక పక్క హాస్యం, మరో పక్క రాజకీయం. కథకుడు గొప్పగా చెబుతాడు, హాస్యగాడు దాన్ని నేల మీదికి దించుతాడు. పిల్లలకు ఇది ఇట్టే పట్టుబడుతుంది.

'ఆరో తరగతిలో అడుగుపెట్టిన నాడు మనం ఎంతమందిమి తమ్ముడా?'
'నలభై ఇద్దరం అన్నయ్యా!'
'నలభై రెండు తలలు, ఇరవై రబ్బర్లు అన్నయ్యా!'
'మిగతా ఇరవై రెండూ ఏమయ్యాయి?'
'అప్పిచ్చిన వాళ్ళు అడుగుతూనే ఉన్నారు, పుచ్చుకున్న వాళ్ళు వెతుకుతూనే ఉన్నారు. అయిదేళ్ళ కథంతా అదే కదన్నయ్యా!'
'తందాన తాన!'

పావుగంట మించకూడదు. తరగతికి రెండు సంఘటనల చొప్పున పది చాలు.

విజయనగరం వైపు బడులైతే హరికథ ప్రయత్నించండి. ఆదిభట్ల నారాయణదాసు నడయాడిన ఊరు అది. 1919లో మొదలైన అక్కడి సంగీత కళాశాలకు ఆయనే తొలి అధ్యక్షుడు. చిరతలు పట్టుకుని, కాలికి గజ్జె కట్టి, ఒక్కరే అన్ని పాత్రలూ అభినయించగల పిల్ల ప్రతి తరగతిలోనూ ఉంటుంది. అసలు కథ మధ్యలో పిట్టకథలు చెప్పుకునే వీలు హరికథకు ఉంది కనుక, సిరిమానోత్సవానికి ముందు రోజు, తొలేళ్ళు నాడు, కడుపునొప్పి అని చీటీ పంపిన అబ్బాయి పైడితల్లి గుడి దగ్గర క్లాస్ టీచరుకే ఎదురుపడిన ఉదంతం అక్కడ హాయిగా ఇముడుతుంది. తరగతిలో ఎవరి ఇంట్లోనైనా తప్పెటగుళ్ళు ఆడేవారో జముకుల కథ చెప్పేవారో ఉంటే ఇక వెతుక్కోనక్కరలేదు. ఆ తాతగారినో మామయ్యనో పిలిచి రెండు రోజులు నేర్పించమనండి. తన ఇంటి కళను బడి మొత్తం నేర్చుకోవడం చూసిన ఆ పిల్లవాడి నడకే మారిపోతుంది.

బిరుదు ప్రదానం. అందరికీ ఇవ్వాలి, ఒక్కరినీ వదలకూడదు. 'ఉత్తమ విద్యార్థి' వంటివి వద్దు, అవి జనవరి 26న ఇచ్చేశారు. ఇక్కడ ఇవ్వాల్సినవి వేరు: మాస్టారు వస్తున్నారని తలుపు దగ్గర నుంచి కబురు అందించిన వారికి 'తీరప్రాంత హెచ్చరికల కేంద్రం'. ఎవరు అడిగినా పెన్ను ఇచ్చిన వారికి 'అక్షయ లేఖిని'. ఎనిమిదో పీరియడు గంటకు ముందే సంచి సర్దుకుని కూర్చున్న వారికి 'సర్వసన్నద్ధ'. ఇంటి నుంచి తెచ్చిన ఆవకాయ బెంచీ మొత్తానికి పంచిన వారికి 'అన్నపూర్ణ'. బిరుదును అట్టముక్క మీద మంచి దస్తూరితో రాసి, పురికొసతో మెడలో వేయండి. అట్టకు రూపాయి ఖర్చు కాదు, ఆ దస్తూరిని మాత్రం ఇరవై ఏళ్ళు దాచుకుంటారు.

5. రాసేటప్పుడు

నవ్వు తెప్పించే మాట వాక్యం చివర ఉండాలి. దాని తర్వాత ఒక్క ముక్క కూడా వివరణ చెప్పకూడదు. 'చాలా', 'ఎంతో', 'మరపురాని' కనిపిస్తే కొట్టేసి, ఆ చోట ఒక వస్తువు పేరో, ఊరి పేరో, వేళో పెట్టండి. 'ఆలస్యంగా వచ్చేవాడు' కంటే 'ప్రార్థనలో జనగణమన చివరి పంక్తికి గేటు దగ్గర కదలకుండా నిలబడేవాడు' బాగుంటుంది. రాసిన ప్రతి వాక్యాన్నీ పైకి చదవాలి. నోరు తిరగని చోట వాక్యం తప్పు, చదివే పిల్లది కాదు.

ఇంకొక సంగతి నాకు చాలా ముఖ్యం. వేదిక మీద సంభాషణలన్నీ పిల్లలు ఇంట్లో మాట్లాడే యాసలోనే సాగనివ్వండి. సినిమాల్లో మన యాసను వెక్కిరింతకు వాడితే నొచ్చుకునే మనం, బడి మైకు ముందు దాన్ని మనమే దాచుకోవడం ఎందుకు? వాడుక భాషకు బడిలో చోటు కావాలని జీవితమంతా పోరాడిన గిడుగు రామమూర్తి పుట్టింది వంశధార ఒడ్డున, శ్రీముఖలింగం దగ్గర పర్వతాలపేటలో. ఆయన పుట్టినరోజు ఆగస్టు 29నే తెలుగు భాషా దినోత్సవంగా ఏటా జరుపుకుంటున్న పిల్లలకు ఈ మాట చెప్పాలి. యాసలో గొప్ప సంగతులు, మెచ్చుకోళ్ళు, భవిష్యత్తు కలలు కూడా పలికించండి. అప్పుడు అది హాస్యగాడి భాషగా మిగిలిపోదు.

6. సభ రోజు

రెండు గంటలు చాలు. షామియానా కింద కూర్చున్నా మార్చి ఎండ ఎండే. వేదిక వెనక తాగునీళ్ళు, ముందు వరుసలో కుర్చీలు పెద్దలకు, చాపలు పిల్లలకు. మైకును ఉదయమే పెట్టించి, నెమ్మదిగా మాట్లాడే పిల్లతో పరీక్షించండి. ఆమె గొంతు చివరి వరుసకు వినిపిస్తే అందరిదీ వినిపిస్తుంది. కరెంటు పోతే ఏం చేయాలో ముందే అనుకోండి. బుర్రకథకు మైకు అక్కరలేదు, దాన్ని ఆ గండానికి అట్టిపెట్టుకోవచ్చు.

ఉపన్యాసాల బెడదకు ఒక ఉపాయం ఉంది. మాస్టార్లను 'రెండు మాటలు మాట్లాడండి' అని పిలవకండి. పిల్లలే ఒక్కొక్కరినీ ఒక్కో ప్రశ్న అడగాలి. 'మీరు పదో తరగతిలో ఉన్నప్పుడు మీ మాస్టారు మిమ్మల్ని దేనికి కొట్టారు?' అని లెక్కల మాస్టారిని అడిగి చూడండి. సభ ఆయన చేతిలోకి వెళ్ళిపోతుంది, అయిదు నిమిషాల్లో తిరిగి వచ్చేస్తుంది కూడా.

వరుస ఇలా ఉంటే బాగుంటుంది: స్వాగతం, బుర్రకథ, మాస్టార్లకు ప్రశ్నలు, తొమ్మిదో తరగతి వాళ్ళ పాట ఒకటి, వీలునామా చదివి అప్పగించడం, పంచాంగం, బిరుదులు. ఆ పైన చివరి హాజరు.

చివరి హాజరు గురించి కొంచెం వివరంగా చెప్పాలి. క్లాస్ టీచరు అసలైన హాజరు పట్టిక తెచ్చి, రోజూ పిలిచినట్టే పేర్లు పిలవాలి. పిలుపు అందుకున్న ప్రతి ఒక్కరూ లేచి నిలబడి, మామూలు జవాబుకు బదులు ఒక్క వాక్యం చెప్పాలి. ముందే రాసుకోవాలి, ఒకే వాక్యం, తన గురించి మాత్రమే. 'వచ్చాను మాస్టారూ, ఈ ఒక్కరోజు మొదటి గంటకే.' 'ఉన్నాను మాస్టారూ, కిటికీ లోపలే ఉన్నాను.' 'ఉన్నాను టీచర్, అక్క పుస్తకాలతో చదివాను, నా పుస్తకాలు చెల్లికి ఇస్తున్నాను.' నవ్వు, నిశ్శబ్దం ఒకదాని వెంట ఒకటి వస్తాయి. పిల్లలను ఏడవమని ఏ నేపథ్య సంగీతమూ పెట్టనక్కరలేదు.

మధ్యలో బడి మానేసిన వాళ్ళ పేర్లు కూడా పిలవాలి. మన జిల్లాల్లో పనుల కోసం కుటుంబంతో హైదరాబాదుకో చెన్నైకో వెళ్ళిపోయిన పిల్లలు, ఇంటి పరిస్థితి వల్ల ఆగిపోయిన పిల్లలు ప్రతి తరగతిలోనూ ఉంటారు. వాళ్ళను సభకు పిలవండి, ఫొటోలో కూర్చోబెట్టండి. రాలేకపోతే ఫోనులో ఒక వాక్యం చెప్పించుకుని, పక్క బెంచీ స్నేహితుడు లేచి దాన్ని చదవాలి. ఆగిన చదువు మళ్ళీ మొదలుపెట్టడానికి సార్వత్రిక విద్యాపీఠం ద్వారా పదో తరగతి పరీక్ష రాసే వీలుందని కూడా ఆ సందర్భంలోనే వాళ్ళకు చెప్పండి.

7. ఖర్చు, తిండి

చందా తక్కువగా పెట్టండి. డబ్బును మూసిన కవర్లలో వేయించుకోండి, ఎవరు ఎంత వేశారో ఎవరికీ తెలియకూడదు. కొత్త బట్టల పోటీ రాకుండా అందరూ యూనిఫారంలోనే రావాలని ముందే తేల్చేయండి. మాస్టార్లకు శాలువాలు, జ్ఞాపికలు వద్దు. పిల్లలు చేత్తో రాసిన ఉత్తరం ఒక్కొక్కరికి ఒకటి ఇవ్వండి.

పులిహోర, కారపు మిక్చరు, చల్లటి మజ్జిగ సరిపోతాయి. విజయనగరం దగ్గర వాళ్ళు భీమాళి మామిడి తాండ్ర ముక్కతో తీపి చేయవచ్చు, కేకు కంటే చవక. ఆ రోజు వంట అమ్మలను, అటెండరు గారిని, ఆయాను ముందు కూర్చోబెట్టి పిల్లలే వడ్డించాలి.

8. ఫొటో, జ్ఞాపకాల పుస్తకం

గ్రూపు ఫొటో సభ ముగిశాక కాదు, ఉదయం తొమ్మిది లోపల తీయించండి. ఎండ ముఖాల మీద పడదు, జడల్లో పూలు వాడవు. తీసిన వెంటనే, ఎవరూ కదలకముందే, ఎడమ నుంచి కుడికి వరుసలవారీగా పేర్లు రాసుకోండి. తర్వాత రాద్దామంటే రెండు పేర్లు తారుమారవుతాయి, ఆ తప్పు ఎప్పటికీ అలాగే ఉండిపోతుంది.

సేకరణ జట్టు పోగుచేసిన చీటీలు, వీలునామా, పంచాంగం, బుర్రకథ, హాజరు వాక్యాలు అన్నీ కలిపితే పుస్తకం సగం సిద్ధం. మిగతా సగం ఒక్కొక్కరికి ఒక్కో పేజీ. అది వాళ్ళ సొంత దస్తూరిలోనే ఉండాలి, టైపు చేయించకండి. పేజీలో మూడు సంగతులు రాస్తే చాలు: ఈ బడిలో నాకు ఇష్టమైన చోటు, నేను ఇంకా తిరిగి ఇవ్వని వస్తువు, నేను వెళ్ళాలనుకుంటున్న చోటు. పరీక్షల తర్వాత ఈ తరగతి నాలుగు దిక్కులకు చెదిరిపోతుంది. పదో తరగతి మార్కుల మీద ఎచ్చెర్లలోని ట్రిపుల్ ఐటీలో సీటు వచ్చేవారు కొందరు, పాలిసెట్ రాసి పాలిటెక్నిక్‌కు వెళ్ళేవారు కొందరు, ఐటీఐలో చేరేవారు, విశాఖలో ఇంటర్‌కు హాస్టల్లో ఉండేవారు. మూడో సంగతి పదేళ్ళ తర్వాత చదువుకోవడానికి.

చిరునామా పేజీ విడిగా చేయండి. ఫోను నంబర్లు మారిపోతాయి కనుక, మారని చిరునామా ఒకటి రాయించండి. అమ్మమ్మ గారి ఊరు, ఊరిలో ఇంటి గుర్తు, అక్కడ ఎవరిని అడిగితే తెలుస్తుందో ఆ సంగతి. ఈ పేజీ తరగతి పిల్లల ప్రతుల్లో మాత్రమే ఉండాలి. బడిలో అందరికీ అందుబాటులో ఉండే ప్రతిలో పెట్టకండి.

మూలప్రతిని జిరాక్సు తీయించి దారంతో కుట్టించండి. తలా ఒక ప్రతి, క్లాస్ టీచరుకు ఒకటి, గ్రంథాలయానికి ఒకటి. గ్రంథాలయం ప్రతికి గట్టి అట్ట వేయించి, స్టాకు రిజిస్టరులో నంబరు వేయించాలి. నంబరు లేని పుస్తకం గది మారినప్పుడో బీరువా సర్దినప్పుడో పాత కాగితాలతో వెళ్ళిపోతుంది. మిగిలిన చందా డబ్బుతో వచ్చే ఏడాది చీటీల కోసం తెల్లకాగితాల కట్ట ఒకటి కొని, ఆ పుస్తకంతో పాటు తొమ్మిదో తరగతి నాయకురాలికి అప్పగించి సంతకం తీసుకోండి. వాళ్ళ సేకరణ జట్టు ముందు ఈ పుస్తకం చదివి, ఆ తర్వాత తమ ప్రశ్నలు తయారు చేసుకోవాలి.